మామగారి సంతకం

బియ్యం డబ్బాలో ఫోను మోగుతోంది.

అత్తాకోడళ్లిద్దరూ వంటింట్లో నిలబడి ఆ డబ్బా వంకే చూస్తున్నారు గానీ మూత తీసే ధైర్యం ఎవరికీ లేదు. మూడు రోజుల కిందట చౌడయ్యగారు తన ఫోనుని తుండుగుడ్డలో చుట్టి, స్వహస్తాలతో బియ్యంలో పాతిపెట్టారు. దాన్ని బయటికి తీసినవాళ్లతో ఈ జన్మలో మాట్లాడనని కూడా చెప్పారు. ముక్కుమీద కోపం ఉన్నవాళ్లని చాలామందిని చూస్తాం గానీ, కోపాన్ని బియ్యంలో దాచుకున్న మనిషి ఆయనొక్కరే.

“తియ్యమంటావా?” అంది బాలత్రిపురసుందరి గొంతు తగ్గించి.

“నేను తీస్తాను లెండి అత్తయ్యా. నాతో ఎలాగూ మాట్లాడటం లేదుగా. కొత్తగా పోయేదేముంది?” అంది రేణుక.

కాలేజీ నుంచి అప్పుడే వచ్చింది. భుజాన బ్యాగు భుజానే ఉంది. ఇబ్రహీంపట్నం అవతల్నుంచి వన్ టౌన్ దాకా బస్సులో నిలబడే వచ్చింది. మోకాళ్లు తనవి కావన్నట్టున్నాయి. డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఫోను పైకి లాగింది. గింజలు నేలంతా రాలాయి.

“నమస్కారమండీ చౌడయ్యగారూ!” అవతల ప్రిన్సిపాల్ తిరుపతిరావు గొంతు పెళ్లిపిలుపులకి వచ్చినంత మర్యాదగా ఉంది.

“నేనండీ సార్, రేణుకని.”

“అమ్మయ్య, మీరేనా! మీ ఫోను ఎత్తరేంటి మేడమ్? సరే, వినండి. రేపు పదిన్నరకి కమిటీ వచ్చేస్తోంది. మన ముప్ఫై అంగీకార పత్రాల్లో ఒకళ్లని పిలిపించి స్వయంగా మాట్లాడతారట. ఎవరైతే బావుంటుందండీ అని వాళ్లే అడిగితే, మీ మామగారి పేరు ఇచ్చేశాను. బజార్లో పెద్దమనిషి, పైగా మన ఇంటి మనిషి. ఏం, మంచి పని చేశానా?”

రేణుక గది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

“సార్, ఆయనకి ఒంట్లో…”

“ఒంట్లో బాగోకపోతే కారు పంపిస్తా మేడమ్. వచ్చి, ‘అవునండీ, నన్నడిగారు, నేనే సంతకం పెట్టాను’ అంటే చాలు. రెండు ముక్కలు. ఆ రెండు ముక్కల మీదే మన కేంద్రానికి రెండో ఏడు సాయం ఉంది. పిల్లల ఫీజులూ దాని మీదే, మీ పోస్టూ దాని మీదే. నేను వేరే చెప్పాలా?”

చెప్పక్కర్లేదు. అది రేణుకకి తెలిసినంత బాగా తిరుపతిరావుకి కూడా తెలీదు.

పద్దెనిమిదేళ్లు ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పింది. ఆ సెక్షన్లో చేరేవాళ్లు లేక మూతపడ్డప్పుడు, కాలేజీలకి సైబర్ భద్రత చదువు నేర్పించడానికి ప్రభుత్వం సాయం చేస్తోందంటే, నలభై ఆరేళ్ల వయసులో ఆరు వారాల శిక్షణకి వెళ్లింది. కొడుకు ఈడు వాళ్లతో మొదటి బెంచీలో కూర్చుని, అర్థం కానివన్నీ రాసుకుని, ఇంటికొచ్చి చదువుకుని ప్యాసైంది. ఆ సాయంతోనే కాలేజీలో సైబర్ భద్రత కేంద్రమూ, దానికో లాబూ వచ్చాయి. ఫీజు కట్టలేని ముప్ఫైమంది పల్లెటూరి పిల్లలకి సీట్లొచ్చాయి.

ఆ కేంద్రంలో పిల్లలు చెయ్యాల్సిన పరీక్ష ఒకటుంది. అరవై దాటిన ముప్ఫైమంది పెద్దవాళ్లకి ఒక్కో పిల్లాడూ ఒక్కో దొంగ మెసేజీ తయారుచేసి పంపాలి. ఎవరు మోసపోతారో చూసి, ఆ తర్వాత వాళ్ల దగ్గర కూర్చుని జాగ్రత్తలు చెప్పాలి. మంచి పనే. కాకపోతే ఒక షరతు. ముందుగా ఆ పెద్దవాళ్లకి సంగతి చెప్పి, ఒప్పుకుంటేనే వాళ్లచేత సంతకం పెట్టించుకోవాలి.

తలా ఒకళ్లని తెచ్చుకోమంటే, పవన్‌కుమార్ అనే కుర్రాడికి ఇంట్లో పెద్దలంటూ లేరు. “మా మామగారున్నారులే” అని రేణుక ఆ కాగితం తీసుకుంది. బస్సులో మోకాలి మీద పెట్టుకుని, ‘చౌడయ్య’ అని తానే గీకేసింది. మోసం చేస్తున్నానని ఆ నిమిషంలో ఆవిడకి తట్టనే లేదు. గ్యాసు పుస్తకం, రేషను కాగితం, ఆస్పత్రి చీటీ, ఏదొచ్చినా ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో మామగారి సంతకం కోడలే పెడుతోంది. “నువ్వు పెట్టేద్దూ” అని ఆయనే అనేవారు.

“త్రిపురా! ఎవరే ఫోన్లో?” వీధి వైపు గదిలోంచి కేక వినబడింది.

“కాలేజీ నుంచండీ.”

“ఈసారి నా పేరు ఎవరికి అమ్ముకున్నారో అడుగు.”

బాలత్రిపురసుందరి కోడలి వంక చూసింది. కోడలు నాలుగడుగుల దూరంలోనే ఉంది. గదికీ వంటింటికీ మధ్య తలుపు కూడా లేదు. అయినా మూడు రోజులుగా ఈ ఇంట్లో మాటలన్నీ అత్తగారి మీదుగానే పోతున్నాయి.

“రేపు కాలేజీకి రమ్మంటున్నారని చెప్పండి అత్తయ్యా.”

“రేపు కాలేజీకి రమ్మంటున్నారటండీ.”

“దేనికట? మళ్లీ నవ్వడానికా?”

“దేనికటమ్మా? నవ్వడానికా?” అనేసి, బాలత్రిపురసుందరి నుదురు కొట్టుకుంది. “ఏవండీ, నేనేమన్నా పోస్టుమాన్నా? అది ఇక్కడే ఉంది, మీరక్కడే ఉన్నారు. తిట్టేదేదో తిన్నగా తిట్టండి. నా వల్ల కాదు.”

తిట్టినా బావుండేదని రేణుకకి ఎన్నిసార్లనిపించిందో. తిట్లు తినొచ్చు, ఒక పూటతో అయిపోతాయి. ఈ మౌనం మాత్రం పొద్దున్న లేచేసరికి మళ్లీ కొత్తగా ఉంటోంది.

కింద బట్టల కొట్టు మూసి రేణుక భర్త ఉమామహేశ్ పైకొచ్చాడు. చొక్కా జేబునిండా చించేసిన చీటీ ముక్కలు.

“ఇవాళ గుడివాడ పార్టీ వచ్చి తిరిగెళ్లిపోయింది,” అన్నాడు కుర్చీలో కూలబడుతూ. “మూటల మీద చీటీలన్నీ పీకించేశానుగా. గుమాస్తాలు ధర అడిగితే, ఏ మూట ఎంతకి కొన్నామో నాకే గుర్తుండటం లేదు. నాన్న కొత్త మాట చెబితే గానీ మళ్లీ చీటీలు రాయడానికి లేదు.”

ఆ కొట్లో నూలు చీరల మూటల మీద కొన్న ధర అంకెల్లో ఉండదు. పదక్షరాల మాట ఒకటుంది, అందులో ఏ అక్షరమూ రెండోసారి రాదు. ఒక్కో అక్షరం ఒక్కో అంకెకి గుర్తు. చౌడయ్యగారి తండ్రి పెట్టిన మాట అది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న రోజున తండ్రి కొడుకు చెవిలో చెప్పేది. ఆ ఇంటి ఆడవాళ్లకి తెలీదు. బాలత్రిపురసుందరి యాభై రెండేళ్ల కాపురంలో అడగనూ లేదు, ఆయన చెప్పనూ లేదు.

ఆ మాట పదిరోజుల కిందట కాలేజీ లాబ్‌లో గోడంత తెర మీద పడింది.

మెసేజీలో వచ్చిన లింకు నొక్కితే, ‘తమరికి తప్ప మరెవ్వరికీ తెలియని రహస్య పదం’ ఒకటి రాయమని ఉంటుంది. మిగతావాళ్లు మనవల పేర్లో, పుట్టినరోజులో రాశారు. చౌడయ్యగారు జీవితంలో దాచుకున్న రహస్యం ఒక్కటే. ఒంటివేలితో, ఒక్కో అక్షరమే వెతుక్కుని, అదే రాశారు.

క్లాసు అయ్యాక అన్నీ చెరిపేశారు. కానీ తెర మీద చూసినవాళ్లలో హర్షవర్ధన్ ఉన్నాడు, వాళ్లదీ ఇదే బజారు. ఇంటికెళ్లి సరదాగా చెప్పాడు. వారం తిరిగేసరికి టీకొట్టు దగ్గర ఎవరో, “ఏం పెద్దాయనా, గుడ్డ రెండు వేళ్లతో నలిపి మగ్గందో మిల్లుదో చెప్పే మీరే బుట్టలో పడ్డారంటగా!” అన్నారు. చౌడయ్యగారు టీ గ్లాసు అక్కడే పెట్టేసి ఇంటికొచ్చారు. నా నంబరు వాళ్లకెవరిచ్చారని కొడుకుని అడిగారు. కొడుకు నీళ్లు నమిలాడు. ఆ సాయంత్రమే కోడలు తనంతట తానే కాగితం తెచ్చి ముందు పెట్టి, తప్పయిందని చెప్పింది. ఆయన ఆ సంతకాన్ని చాలాసేపు చూశారు. తర్వాత ఫోను బియ్యంలోకి వెళ్లింది.

“ఇంతకీ ప్రిన్సిపాల్ ఏమంటాడు?” అన్నాడు ఉమామహేశ్.

రేణుక చెప్పింది.

“ఇంకేం! నాన్న వచ్చి అవునంటే సరి. ఆ కాగితం మీద ఇప్పుడాయన చేతే మళ్లీ పెట్టించెయ్. ఎవడికి తెలుస్తుంది?”

“నాకు తెలుస్తుందండీ.”

“అబ్బా, మొదలెట్టావా? పెట్టేటప్పుడు లేని నీతి ఇప్పుడెందుకు?”

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. నిజమే కాబట్టి ఇంకాస్త తగిలింది. రేణుక నేలమీద రాలిన బియ్యం ఏరడం మొదలుపెట్టింది.

“తెర మీద పడ్డ మాట ఆ రోజు నువ్వు కూడా చదివావా?” ఉమామహేశ్ గొంతు తగ్గింది.

“చదివాను.”

“మరిచిపో.”

“మూడు రోజులుగా ఆ పనే చేస్తున్నానండీ. బస్సులో కళ్లు మూసుకుంటే అదే కనబడుతోంది. ఇరవై ఏళ్లలో నాకు చెప్పకూడదనుకున్న మాట నాకు అలా తెలిసింది. మీకేం, మరిచిపో అంటారు.”

అంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. గుమ్మంలో ఒక ఆడపిల్ల నిలబడి ఉంది. మొహమంతా చెమట, చేతిలో బస్సు టిక్కెట్టు ఇంకా అలాగే ఉంది.

“సింధూరీ! నువ్వెందుకొచ్చావమ్మా?” రేణుక గాభరాగా లేచింది.

మైలవరం బస్సెక్కాల్సిన పిల్ల, ఎదురు దిక్కు బస్సెక్కి వచ్చింది. ఎవరింటి పెద్దకి వాళ్లే రాయకూడదని పేర్లు మార్చి పంచినప్పుడు, చౌడయ్యగారి పేరు వచ్చి ఆయనకి మెసేజీ రాసింది ఆ పిల్లే.

“తాతగారికి సారీ చెప్పి వెళ్లిపోతాను మేడమ్. రాత్రికి భవానీపురంలో మా పిన్ని వాళ్లింట్లో ఉంటాను.”

“వద్దమ్మా, ఇప్పుడు ఆయన…”

“ఎవరే అది?” అన్నారు చౌడయ్యగారు లోపల్నుంచి.

సింధూరి ఎవరి అనుమతీ కోసం చూడలేదు. చెప్పులు విప్పి, తిన్నగా ఆ గదిలోకి వెళ్లి నిలబడింది. చౌడయ్యగారు కిటికీ పక్కన పడక్కుర్చీలో ఉన్నారు. కింద వీధిలో మూటల తోపుడు బళ్లు ఒకదాని వెనకాల ఒకటి ఇరుక్కుపోయి, బళ్లవాళ్లు అరుచుకుంటున్నారు.

“నేనే తాతగారూ ఆ మెసేజీ రాసింది.”

ఆయన తల తిప్పి చూశారు. ఈ పిల్ల చేతిలోనా నేను ఓడిపోయింది అన్నట్టు, కింది నుంచి పైదాకా చూశారు.

“ఎవరి పిల్లవి?”

“మాది మైలవరమండీ. మా తాత పేరు రత్తయ్య. కౌలుకి మొక్కజొన్న వేస్తారు.”

“నేను మగ్గం వదిలి యాభై ఏళ్లయింది. చేనేత గుర్తింపు కార్డు మాత్రం వదల్లేదు. ఆ కార్డు పేరు చెప్పి పట్టావు నన్ను. అది నీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదండీ. మేడమ్ వాళ్లది చేనేత కుటుంబం అని తెలుసు, అంతే. కానీ కార్డు వల్ల పడలేదు తాతగారూ మీరు.”

“మరి?”

సింధూరి తలొంచుకుంది. “మా తాతతో ఆఫీసుల్లో ఎవరూ సరిగా మాట్లాడరండీ. ఏం ముసలోడా అంటారు, అటు పక్కన కూర్చో అంటారు. ఆయనకి మెసేజీ ఎలా వస్తే సంతోషిస్తాడా అని ఆలోచించి రాశానండీ. మర్యాదగా రాస్తే ఎవరైనా తెరుస్తారనిపించింది.”

చౌడయ్యగారు కళ్లు మూసుకున్నారు. తర్వాత, చదువుతున్నట్టుగా, ఒక్క అక్షరం పొల్లు పోకుండా చెప్పారు.

“‘గౌరవనీయులైన శ్రీ చౌడయ్యగారికి నమస్కారములు. చేనేత గుర్తింపు కార్డుల కొత్త జాబితాలో తమ పేరు ఉంచమంటారా, తీసివేయమంటారా? తమ అభిప్రాయం తెలియజేయగలరు.’ ఇదేనా?”

“ఇదేనండీ.”

“ఆరుసార్లు చదివానమ్మా. కొట్టు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. కాగితాలు కోడలు చూసుకుంటోంది. కూర మా ఆవిడ ఇష్టం. నాకేం కావాలని ఈ మధ్య నన్నెవరూ అడగలేదు. మంచివాళ్లే అందరూ. నన్ను కష్టపెట్టకూడదనే అడగరు.” ఆయన కళ్లు తెరిచారు. “ఉంచమంటారా, తీసివేయమంటారా అని ఆ దొంగ మెసేజీ ఒక్కటే అడిగింది.”

ముగ్గురూ గుమ్మంలో నిలబడి వింటున్నారు. ఉమామహేశ్ జేబులోని చీటీ ముక్కల్ని అనవసరంగా సర్దుకున్నాడు. రేణుకకి ఏడుపొచ్చింది గానీ, ఏడ్చే ఓపిక కూడా లేక ఆగిపోయింది.

ఆ కాగితం బ్యాగులోనే ఉంది. దాన్ని తీసుకోలేదు. ఉత్తచేతులతోనే వెళ్లి ఆయన ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుంది.

“మామయ్యగారూ, అప్పుడు అడగలేదు. ఇప్పుడడుగుతున్నాను. ఆ పరీక్షకి మీ పేరు వాడుకోవడానికి ఒప్పుకుంటారా? ఒప్పుకోకపోయినా నేనేమీ అనుకోను.”

చౌడయ్యగారు మూడు రోజుల తర్వాత మొదటిసారి కోడలి మొహంలోకి చూశారు.

“ఒప్పుకోను,” అన్నారు.

ఉమామహేశ్ “నాన్నా!” అన్నాడు.

“అడిగింది, చెప్పాను. నువ్వు మధ్యలో మాట్లాడకు.” ఆయన మళ్లీ కిటికీ వైపు తిరిగారు. “ఆ పిల్లకి అన్నం పెట్టి పంపించండి.”

పొద్దున్న తొమ్మిదింటికి రేణుక మెట్లు దిగేసరికి, కింద కొట్టు అరుగు మీద చౌడయ్యగారు కూర్చుని ఉన్నారు. తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా, భుజాన జరీ అంచు కండువా. పంచాయితీలకి వెళ్లేటప్పుడు వేసుకునే బట్టలు.

“ఎక్కడికి మామయ్యగారూ?”

“నన్ను రమ్మన్నారటగా? పద.”

“అక్కడ అడుగుతారు. మీరు…”

“అడిగితే చెబుతాను. ఆటో పిలు.”

ఏం చెబుతారో అడిగే ధైర్యం రేణుకకి లేకపోయింది. కొండ కిందుగా, ఫ్లైఓవరు మీదుగా, గొల్లపూడి దాటి, థర్మల్ స్టేషన్ గొట్టాలు కనబడేదాకా ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడుకోలేదు. ఆ గొట్టాలు చూసి మాత్రం ఆయన, “ఉమకి కొత్త మాట ఇంకా చెప్పలేదు,” అన్నారు. “చెబితే మళ్లీ ఎక్కడ తేలుతుందో.” అది దెప్పిపొడుపో, భయమో రేణుకకి తెలియలేదు.

లాబ్‌లో పిల్లలు ముప్ఫైమందినీ వెనక వరసల్లో కూర్చోబెట్టారు. ముందు బల్ల దగ్గర కమిటీవాళ్లు ముగ్గురు. పెద్దావిడ పేరు మార్త, రిటైరైన ప్రొఫెసరు. తెల్లజుట్టు, మాటల్లో తొందర లేదు, ఎదురుగా పత్రాల కట్ట ఉంది. తిరుపతిరావు పూలగుత్తి ఇవ్వబోతే, “ఆ పక్కన పెట్టండి,” అంది.

“చౌడయ్యగారంటే మీరేనాండీ? కూర్చోండి. మిమ్మల్ని ఒక్క ప్రశ్న…”

“మేడమ్,” రేణుక లేచి నిలబడింది. రాత్రంతా సిద్ధం చేసుకున్న వాక్యాలు ఒక్కటీ గుర్తు రాలేదు. “ఆయన్నేమీ అడక్కండి. ఆ సంతకం నాది. ఆయనకి చెప్పకుండా పెట్టాను.”

తిరుపతిరావు చేతిలో పూలగుత్తి అలాగే ఉండిపోయింది. “మేడమ్‌కి నిన్నట్నుంచీ జ్వరమండీ,” అన్నాడు.

“జ్వరం లేదండీ. అలసట ఉంది, అంతే.”

మార్త కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. “ఒక్క పత్రం తప్పుడుదైనా పరీక్ష మొత్తం చెల్లదని తెలుసా మీకు? రెండో ఏడు సాయం ఆపేయమని రాయాల్సి వస్తుంది.”

“తెలుసండీ. తప్పు నాదొక్కదానిదే. మిగతా ఇరవై తొమ్మిదీ పిల్లలు ఇళ్లలో సరిగ్గా పెట్టించుకొచ్చినవే. వాళ్ల చదువు ఆపకండి.”

వెనక వరసలో కుర్చీ ఒకటి కిర్రుమంది.

“మేడమ్,” అంది సింధూరి. లేచి నిలబడి ఉంది. “మా తాత సంతకం కూడా నేనే పెట్టాను.”

రేణుక వెనక్కి తిరిగింది.

“కాగితాలివ్వడానికి ఆ రోజే ఆఖరి రోజు. తాత చేలో ఉన్నాడు. మన తాతే కదా అని…”

“మాదీ అంతే,” హర్షవర్ధన్ చెయ్యెత్తాడు. వాడి మొహంలో నవ్వు లేదు. “మా బామ్మకి చదవడం రాదు. చెబితే భయపడుతుందని చెప్పలేదు.”

ఇంకో చెయ్యి లేచింది. ఆ వెనకాల ఇంకోటి. చేతులు లేస్తూనే ఉన్నాయి. ఐదుగురు, పది మంది, ఇరవై మంది. రేణుక ఇరవై నాలుగు దాకా లెక్కపెట్టి ఆపేసింది. ఏ ఇంట్లోనూ ఏ పెద్దనీ ఎవరూ అడగలేదు. అందరికీ తాతలంటే ప్రాణమే, బామ్మలంటే ప్రాణమే. తన బస్సు ప్రయాణం, తన మోకాలు, తన గీతలు ఇరవై నాలుగుసార్లు కళ్లముందు కదిలాయి.

చౌడయ్యగారు కుర్చీలో వెనక్కి తిరిగి ఆ చేతుల వంక చూస్తూండిపోయారు. “అయితే నేనొక్కణ్ణే కాదన్నమాట,” అన్నారు మెల్లిగా.

“ఇంతకుముందు ఏడు కాలేజీలు చూశాను,” అంది మార్త. “ఎక్కడా ఒక్క పత్రం కూడా తప్పు దొరకలేదు. అంతా ఎంత బాగా ఉందో అనుకుంటూ సంతకాలు పెట్టి వెళ్లాను.” పత్రాల కట్టని చేత్తో అవతలికి జరిపింది. “మీ అంతట మీరే చెప్పారు కాబట్టి ఒక్క అవకాశం ఇస్తాను. నాలుగింటికి నా నివేదిక వెళ్లిపోవాలి. ఈలోపు ఒక్కొక్కరూ నా ముందే ఇంటికి ఫోను చెయ్యండి. జరిగింది జరిగినట్టు చెప్పి, అడగండి. ఒప్పుకున్న పేరు ఉంచుతాను, కాదన్నది కొట్టేస్తాను. సగం మంది కాదంటే మాత్రం ఈ కేంద్రం ఇక్కడితో సరి. నా చేతిలో ఇంతకంటే లేదు.”

పవన్‌కుమార్ తలొంచుకుని కూర్చున్నాడు. వాడికి ఫోను చెయ్యడానికి ఇల్లే లేదు. మార్త చౌడయ్యగారి వైపు తిరిగింది.

“మీరు ఇక్కడే ఉన్నారు కాబట్టి మీతోనే మొదలుపెడదాం. ఏమంటారండీ?”

చౌడయ్యగారు కండువా సర్దుకున్నారు. కోడలి వైపు చూడలేదు, పవన్‌కుమార్ వైపు చూశారు.

“నిన్న సాయంత్రం కాదన్నానమ్మా. ఇవాళ ఇంకా ఆలోచించుకుంటున్నాను. నన్ను చివర్న అడగండి.”

దాంతో మొదటి వంతు సింధూరిది అయింది. ఆ పిల్ల ఫోను స్పీకర్లో పెట్టి బల్లమీద ఉంచింది. ఆరేడుసార్లు మోగాక ఎత్తారు.

“ఎవరు మాట్లాడేది?” రత్తయ్య గొంతు గట్టిగా వినిపించింది. వెనకాల ఎక్కడో నీళ్ల మోటారు శబ్దం. “కార్డూ గీర్డూ అంటే నేనేం చెప్పను. తెలీనోళ్లకి ఏం చెప్పొద్దంది మా మనవరాలు.”

“తాతా, నేనే, సింధూని.”

“నువ్వా తల్లీ! ఏమైంది? బాగానే ఉన్నావా?”

“బాగానే ఉన్నాను తాతా. నీ పేరు మీద కాలేజీలో ఒక సంతకం పెట్టాను, నీకు చెప్పకుండా. నీకొక దొంగ మెసేజీ పంపి చూడ్డానికి. తప్పే తాతా. ఇప్పుడా పేరు ఉంచమంటావా, తీసెయ్యమంటావా? నువ్వెలా అంటే అలాగే.”

మోటారు ఆగింది.

“నన్నా?”

“నిన్నే తాతా.”

“నన్నడుగుతున్నావా నువ్వు?”

“అవును.”

రేణుక తెలియకుండానే మామగారి కుర్చీ వెనకభాగం పట్టుకుంది. ఆయన ఆ చెయ్యి తీసెయ్యమనలేదు.

“ఉండమ్మా,” అన్నాడు రత్తయ్య. “అడిగావుగా, కూర్చుని చెబుతాను.”

ఫోన్లో నులకమంచం ఈడ్చుకుంటున్న చప్పుడు వినిపించింది. లాబ్‌లో అందరూ ఆయన కూర్చునేదాకా ఆగారు.